పాత కారు ఏసీ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

డాలస్ నగరం. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, ఫారెన్‌హీట్ లెక్కన నూరు దాటిన ఎండ. ఎమ్మెస్ ముగించి ఊరు వదిలి వెళ్తున్న సీనియర్ దగ్గర ఒక కుర్రవాడు 2005 మోడల్ కరోలా కొన్నాడు. ఏసీ బటన్ మీది దీపం నిక్షేపంగా వెలుగుతుంది. గాలి మాత్రం బయటి ఎండకు ఏమీ తీసిపోదు. మెకానిక్ దగ్గరికి వెళ్తే బండి ఖరీదులో సగం అడుగుతాడేమోనని బెంగ. అందుకని ఆటో పార్ట్స్ దుకాణంలో, గొట్టమూ మీటరూ తగిలించిన గ్యాస్ డబ్బాల వరుస ముందు నిలబడి తల గోక్కుంటున్నాడు. అప్పుడు పక్కనే ఉన్న అనుభవశాలి ఎవరో అతనికి ఉపదేశించినట్టుగా ఈ పద్యాన్ని అన్వయించుకోవాలి. కర్త అజ్ఞాతుడు.

పాత కారులోన భగభగ గాలియే
రాగ నొక్క డబ్బ రయము గొనుము
ముల్లు పచ్చ దాటి ముందుకు పోయిన
చలువ కాదు నీకు చమట మిగులు

ఛందస్సు: ఆటవెలది. యతులు సరిపోయాయి. ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

ప్రతిపదార్థం: (తమ్ముడూ అని అధ్యాహార్యం) పాత కారులోన = అప్పు తీరిపోయిన, అమ్మబోతే ఎవరూ కొనని కారునందు; భగభగ గాలియే = వడగాలి మాత్రమే; రాగన్ = వచ్చుచుండగా; ఒక్క డబ్బ = గ్యాస్ డబ్బాను ఒకదానిని; రయము = వేగముగా; కొనుము = వెల ఇచ్చి తెచ్చుకొనుము; ముల్లు = మీటరులోని సూది; పచ్చ దాటి = పచ్చరంగు పట్టీని మీరి; ముందుకు పోయినన్ = పసుపు, ఎరుపుల వైపు సాగినచో; నీకు = డబ్బు మిగుల్చుకుందామనుకున్న నీకు; చలువ కాదు = చల్లదనము కలుగదు; చమట మిగులు = చెమట మాత్రమే దక్కును.

తాత్పర్యం: తమ్ముడూ, నీ పాత కారు ఏసీ చల్లబరచడం మానేస్తే ఒక డబ్బా తెచ్చి నింపుకో. ముల్లు పచ్చ దాటేదాకా పోశావో, ఉన్న చల్లదనమూ పోతుంది.

తాత్పర్యం ఇంత సులువుగా ఉండటమే ఈ పద్యంలోని ప్రమాదం. కనుక పదపదానికీ విచారణ అవసరం.

"పాత కారు": ఎంత పాతది? దీన్ని "కొనుము" అనే క్రియే తేలుస్తుంది. 1995కు ముందు అమెరికాలో చాలా కార్ల ఏసీల్లో నడిచింది ఆర్-12. దాన్నే జనం ఫ్రియాన్ అనేవారు. ఓజోన్ పొరకు చిల్లు పెడుతుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాని మీద పడింది. 1995 చివరికి అక్కడ దాని తయారీ ఆగిపోయింది. ఉన్న నిల్వలు కొనాలన్నా సర్టిఫికెట్ ఉన్న మెకానిక్కే అర్హుడు. దారిన పోయేవాణ్ణి పట్టుకొని "కొనుము" అని కవి ఆదేశించగలిగాడంటే ఈ పద్యం ఆ తరువాత వచ్చిన ఆర్-134ఎ గురించే చెప్పిందని నిశ్చయం. దాని చిన్న డబ్బాను, తనంతట తాను మూసుకునే వాల్వు ఉన్నట్టయితే, ఎవరైనా కొనవచ్చు. కాలిఫోర్నియాలో ఖాళీ డబ్బా తిరిగి తెస్తావని 10 డాలర్లు డిపాజిట్ కూడా కట్టించుకుంటారు. ఇటు పైహద్దు చూస్తే, 2021 మోడల్ నాటికి అమెరికాలో అమ్మే కొత్త కార్లలో ఆర్-134ఎ వాడటం చాలావరకు ఆగింది. ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ వచ్చింది. అంతకు ఏడెనిమిదేళ్ళ ముందు నుంచే అది కొన్ని మోడళ్ళలో చేరింది. కాబట్టి ఏ కారుకైనా ముందు బానెట్ ఎత్తి, లోపల అంటించిన స్టిక్కరు చదవాలి. ఏ గ్యాసో, ఎంత బరువో అందులోనే ఉంటుంది. స్టిక్కరే ఇక్కడ శ్రుతి, డబ్బా మీది రాతలు స్మృతి. రెండింటికీ వైరుధ్యం వస్తే శ్రుతే ప్రమాణం.

ప్రసక్తి వచ్చింది గనుక ఒక పూర్వకథ. ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన తొలి కారు ప్యాకార్డ్ వారి 1940 మోడల్. ఆ యంత్రం డిక్కీలో చాలా భాగం ఆక్రమించింది. దాన్ని ఆపాలంటే మీట లేదు. బండి ఆపి, బానెట్ ఎత్తి, కంప్రెసర్ బెల్టు ఊడదీయాలి. ఆ యజమానికి చలేసినా చమట మిగిలి ఉంటుంది.

"గాలియే": ఇందులోని ఏకారాన్ని పాదపూరణమని కొట్టిపారేయరాదు. అది అవధారణార్థకం. వేడిగాలి *మాత్రమే* రావాలి, ఎల్లవేళలా రావాలి అని అర్థం. హైవే మీద పోతున్నంతసేపు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కితే ఈ పద్యం వర్తించదు. అది చాలాసార్లు రేడియేటర్ ముందున్న కండెన్సరుకు గాలి తగలని లోపం. ఫ్యాను తిరుగుతోందో లేదో చూసుకోవాలి. గాలి చల్లగానే ఉండి సన్నగా వస్తే క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. దాన్ని చాలా జపాన్ కార్లలో గ్లవ్‌బాక్సు వెనక నుంచి లాగి, పట్టిన ఆకులూ దుమ్మూ దులిపితే తెలిసిపోతుంది. డ్రైవరు వైపు చలి, పక్క సీటు వైపు ఉక్కపోత అయితే లోపలి రేకు తలుపు ఇరుక్కుని ఉండవచ్చు. ఈ మూడు లోపాల్లో ఏ ఒక్కదానికీ గ్యాస్ మందు కాదు. చదివేవారిలో సగం మంది ఏకారాన్ని వదిలేసి డబ్బా కొంటారని నా అభిప్రాయం.

"ఒక్క": ఛందస్సు కోసం వేసిన అంకె కాదిది. డబ్బాలో సాధారణంగా ఉండేది 12 ఔన్సులు, అంటే 340 గ్రాములు. చిన్న కారు ఏసీ మొత్తానికి పట్టేది అర కిలోకు అటూ ఇటూ. అంటే ఒక్క డబ్బాలోనే బండికి కావలసిన దానిలో సింహభాగం ఉంది. కాస్త తగ్గిన బండికి అది మొత్తం పట్టదు, సగంలోనే ఆపవలసి రావచ్చు. "రెండు తీసుకుంటే తగ్గింపు" అని దుకాణంవాడు చేర్చే పాదాన్ని మూలంలోనిదిగా భ్రమపడకూడదు.

"రయము": కొనడానికే వేగం, పోయడానికి కాదు. ఇక్కడ చాలామంది అన్వయదోషం చేస్తారు. పోసే విధి ఇది. ఇంజన్ ఆన్ చేసి, ఏసీ మాక్స్‌లో, ఫ్యాను పూర్తి వేగంలో పెట్టాలి. బానెట్ కింద రెండు అల్యూమినియం గొట్టాలుంటాయి. సన్నది వేడిగా, లావుది చల్లగా ఉంటుంది. లావు గొట్టం మీది ప్లాస్టిక్ మూత తీసి, డబ్బా గొట్టాన్ని అక్కడే తగిలించాలి. సన్న గొట్టం పోర్టు సైజు వేరు, అక్కడ పట్టదు. కావాలనే అలా చేశారు. ఆ వైపు ఒత్తిడి రెండు మూడు వందల పీఎస్ఐ ఉంటుంది, డబ్బాకు పగిలే యోగం పడుతుంది. అయినా పట్టుబట్టి గుచ్చి చూసేవాళ్ళున్నారు.

డబ్బాను నిటారుగా పట్టుకొని, కొద్దికొద్దిగా ట్రిగ్గరు నొక్కి, ఆగి, మళ్ళీ నొక్కాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసరులోకి పోతుంది. అది గ్యాసును నొక్కే యంత్రం, ద్రవాన్ని నొక్కలేదు. కాసేపటికి డబ్బా చేతిలో జివ్వుమని చల్లబడి, పైన మంచు పొడి పడుతుంది. ఒళ్ళంతా చెమటతో ఉన్నవాడికి ఆ పూటకు మొదటి చల్లదనం అదే. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆర్-134ఎ మైనస్ 26 సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది.

"ముల్లు": పద్యానికి ఇదే ఆయువుపట్టు. కవి ఇంతసేపూ సరిగ్గా చెప్పి ఇక్కడ జారాడనిపిస్తుంది. జారలేదని సమర్థించేవాళ్ళూ ఉన్నారు. చూద్దాం.

పూర్వపక్షం: ముల్లు పచ్చలో ఉంటే గ్యాస్ సరిపోయినట్టే కదా, మీటరు చెప్పేది అదే కదా అంటే, కాదు. మీటరు చూపేది ఒత్తిడిని, పరిమాణాన్ని కాదు. వంటింటి గ్యాస్ బండ చూడండి. మంట చివరి రోజు దాకా ఒకేలా వెలుగుతుంది. బండలో ఎంత మిగిలిందో మంటను బట్టి చెప్పలేం, ఎత్తి చూడాలి. ద్రవమూ ఆవిరీ కలిసి ఉన్నంతవరకు ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. ఇంజన్ ఆపిన కారులో, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో, ఆర్-134ఎ ఒత్తిడి సుమారు 104 పీఎస్ఐ. లోపల పావు వంతే ఉన్నా అంతే, పూర్తిగా ఉన్నా అంతే. అందుకని ఇంజన్ ఆపి మీటరు తగిలించినవాడు ముల్లు ఎర్రలోకి దూకడం చూసి "ఓవర్ అయింది" అని బెదిరి ఇంటికి పోతాడు. బండిలో మాత్రం గ్యాస్ అంతంతే.

ఇంకో చిక్కు ఉంది. గ్యాస్ తక్కువైనప్పుడు కంప్రెసరు క్లచ్ "టక్" మని పడుతుంది, కొన్ని క్షణాలకే ఊడుతుంది. ఒత్తిడి మరీ తగ్గితే దాన్ని ఆపేసే స్విచ్చు ఒకటుంటుంది, ఇది దాని పని. క్లచ్ పడ్డప్పుడు ముల్లు కిందికి, ఊడినప్పుడు పైకి. ఏ క్షణంలో చూశావన్న దాన్ని బట్టి అదే బండి నిండుకుండగానూ వట్టికుండగానూ కనిపిస్తుంది. కాబట్టి "ముల్లు" అనే పదానికి "కంప్రెసరు నడుస్తున్న వేళ చూడబడిన ముల్లు" అని విశేషణం కలుపుకొని చదవాలి. అప్పుడు సుమారు 25 నుంచి 45 పీఎస్ఐ దాకా ఉండే పచ్చ పట్టీకి కొంత అర్థం ఉంటుంది. కొంతే సుమా. బయటి వేడి పెరిగితే సరైన ఒత్తిడీ పెరుగుతుంది.

సిద్ధాంతం: ముల్లు హద్దును చెప్పగలదు, నిండుదనాన్ని చెప్పలేదు. కవి కూడా "పచ్చలో నిలిపిన చలువ కలుగు" అనలేదు. "పచ్చ దాటిన చలువ కాదు" అనే అన్నాడు. నిషేధమే తప్ప వాగ్దానం లేదు. ఇదే సమర్థకుల వాదం, నాకు ఇదే సమ్మతం. నిండుదనం తేల్చేది కాంటా ఒక్కటే. మిషన్‌తో పాత గ్యాసంతా లాగేసి, వాక్యూమ్ పెట్టి, స్టిక్కరులో ఉన్నంత బరువు తూచి ఎక్కించడమే అసలు పద్ధతి. ఇంట్లో అది కుదరదు గనుక ఉపాయం ఒకటి. డబ్బాను ముందూ వెనకా వంటింటి కాంటా మీద పెడితే ఎంత పోసిందీ గ్రాముల్లో తెలుస్తుంది. మధ్య ఏసీ మూతిలో ఒక థర్మామీటరు గుచ్చి, గాలి చల్లబడటం ఆగిన చోట చేయి ఆపడం మేలు.

"పోయిన": దాటిపోయాక తిరిగి తీయడం ఎలా? వాల్వు నొక్కి గాల్లోకి వదిలేయడం చట్టరీత్యా నేరం. ఈ గ్యాస్ ఓజోన్ జోలికి పోదు కాని, వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు ఘనమైనది. మళ్ళీ మిషన్ ఉన్న మెకానిక్కే గతి. అతన్ని తప్పించుకుందామనే కదా దుకాణానికి వచ్చింది! "చమట మిగులు" అన్నచోట కవి నవ్వు వినిపిస్తుంది.

అపవాదం: ప్రియస్ వంటి హైబ్రిడ్ కార్లకు ఈ పద్యం చదవరాదు. వాటి కంప్రెసరు హై వోల్టేజ్ కరెంటుతో నడుస్తుంది, దానికి కావలసిన నూనె వేరు. మామూలు డబ్బాల్లో కలిపే నూనె అందులోకి పోతే ఇన్సులేషన్ చెడుతుంది.

ప్రక్షిప్తం: కొన్ని డబ్బాల మీద "లీకులు ఆపును" అనే పాదం అదనంగా కనిపిస్తుంది. గ్యాసుతోపాటు జిగురు వంటి పదార్థం కలిపినవి అవి. పరిశుద్ధ ప్రతుల్లో ఇది లేదు. ఆ జిగురు మెకానిక్ మిషన్‌లోకి చేరితే దాన్నీ పాడుచేస్తుంది. అందుకే అది పడ్డ కారును ముట్టుకోమనే షాపులున్నాయి. వెల తక్కువని దాన్ని కొనకండి.

మూలంలో లేని విషయం: మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకొని కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. రెండో నియమాన్ని నేను ప్యాకార్డ్ దగ్గరే తప్పాను. మొదటిదీ ఇప్పుడు తప్పక తప్పదు. గాలి వేడెక్కిందన్నాడు, డబ్బా కొనమన్నాడు, ముల్లు చూడమన్నాడు. ఉన్న గ్యాస్ ఎక్కడికి పోయిందో నాలుగు పాదాల్లో ఎక్కడా అడగలేదు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారింది. రబ్బరు గొట్టాల్లోంచి, రింగుల దగ్గర ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోవడం పాత బండికి సహజమే. రెండు మూడు వేసవులకొకసారి కాస్త పోసుకుంటే తప్పు లేదు. ఒక్క వేసవి కూడా నిలవకపోతే అది లీకే. జాయింట్ల దగ్గర నూనె మరక పట్టి, దాని మీద దుమ్ము అంటుకొని ఉంటుంది. రంగు కలిపిన గ్యాస్ పోసినట్టయితే చీకట్లో యూవీ లైటు వేసి చూడండి, కారిన చోట పసుపుపచ్చగా మెరుస్తుంది. మీటరు మొదటే సున్నా చూపితే అసలు పోయవద్దు. అప్పటికే లోపలికి గాలీ తేమా చేరి ఉంటాయి.

పాఠాంతరం: హైదరాబాదు ప్రతిలో రెండో పాదం "రాగ మేస్త్రి కడకు రయము జనుము" అని ఉంది. మేస్త్రి అంటే ఇక్కడ మెకానిక్. కారు ఏసీలో గ్యాస్ సొంతంగా పట్టుకునే అలవాటు అక్కడ లేదు, బండి తీసుకెళ్ళి పట్టించుకుంటారు. గణాలు, యతి రెండు పాఠాల్లోనూ సరే. తరువాతి రెండు పాదాలు మాత్రం అక్కడ కూడా యథాతథంగా ఉన్నాయి, ఎందుకంటే ముల్లు చూసి పట్టేవాళ్ళు ఆ ఊళ్ళోనూ ఉన్నారు. బండి లోపల పెట్టేముందే, తూచి పడతారా అని అడగండి.