ఎనిమిదో మెట్టు, ఎనిమిది శాతం

ప్రపంచంలో ఎవరు ఎంత సంతోషంగా ఉన్నారో కొలవడానికి ఓ నిచ్చెన ఉంది. సున్నా నుంచి 10 దాకా మెట్లు. పైమెట్టు మీకు దొరకగల గొప్ప బతుకు, అడుగుమెట్టు అధ్వానమైనది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పాలి. హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా మనస్తత్వవేత్త వేసిన నిచ్చెన ఇది. 2012లో మొదలైన ప్రపంచ ఆనంద నివేదిక ర్యాంకులు దీంతోనే ఇస్తుంది. 2018లో మొదటి స్థానానికి ఎక్కిన ఫిన్లాండు 2025 నివేదికలోనూ దిగలేదు. అందులో మనది 147 దేశాల్లో 118వ స్థానం.

ఈ నిచ్చెన భుజాన వేసుకుని ఎవరైనా తొర్రూరు బస్టాండులో దిగితే పని కష్టమే. "ఎట్లున్నవే బావా?" అంటే ఇక్కడ ఒకటే జవాబు: "ఏదో, నడుస్తాందే."

బిడ్డకు సర్కారు కొలువొచ్చినా నడుస్తాందే, బోరు ఎండినా నడుస్తాందే. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా తొర్రూరు కాస్తా మహబూబాబాద్ జిల్లా తొర్రూరైంది, అప్పుడూ నడిచింది. బాగున్నానని గట్టిగా అంటే దిష్టి. అంతకంటే పెద్ద గండం, ఎదుటివాడు చేబదులు అడుగుతాడు.

అలాగని సంతోషం లేదనుకుంటే పొరపాటు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పింది. జీరో టికెట్ చేతిలో పడ్డ కొత్తలో హన్మకొండ ప్రయాణమంటే పండగే. కొన్నాళ్లకు సీటు కావాలనిపించింది, సీటు దొరికితే కిటికీ పక్కదే కావాలనిపించింది. మగవాళ్లు మాత్రం టికెట్ కొని నిలబడుతున్నారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసిరే పాత విద్య ఒక్కటే వాళ్లకు దిక్కు.

దొరికిన సంతోషం ఇలా పాతబడటం తొర్రూరు గుణమేం కాదు. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అమెరికాలో లాటరీ తగిలిన 22 మందిని పలకరించింది. టిఫిన్ చేయడం, స్నేహితుడితో ముచ్చట, పత్రిక చదవడం లాంటి చిన్న పనుల్లో వాళ్లకు మామూలు జనానికున్నంత రుచి కూడా లేదట. పత్రిక సంగతి సంపాదకులు గమనించాలి.

తొర్రూరు చుట్టుపక్కల పత్తి రైతు దగ్గర మాత్రం నిచ్చెన తిరగబడుతుంది. భారత పత్తి సంస్థ మద్దతు ధర పూర్తిగా ఇవ్వాలంటే పత్తిలో తేమ 8 శాతం మించకూడదు. ఆపైన శాతానికింత కోత. 12 దాటితే కొనరు. దసరా తర్వాత మంచు కురిసే రోజుల్లో వాకిట్లో, డాబా మీద, రోడ్డు పక్కన పత్తి ఆరబోసి, బండికెత్తి, వరుసలో నిలబెట్టాక, తేమ మీటరు కడ్డీ లోపలికి దిగుతుంది. ఆ నాలుగు క్షణాలు రైతు దేవుణ్ని తలుచుకుంటూ చూసేది ఆ చిన్న తెర మీది అంకె కోసమే. పది వస్తే ఫిన్లాండులో పండగ. ఇక్కడ రెండు శాతం కోత.

ఎనిమిది వచ్చినవాడు హమాలీలకూ డ్రైవరుకూ చాయ్ చెప్తాడు. పదకొండు వచ్చినవాడు మీటరు పాతదంటాడు. పదమూడు వచ్చి బండి మళ్లించుకునేవాడికి పక్కబండి రైతు చాయ్ తాగిస్తాడు. చక్కెర ఎక్కువైందని ఇద్దరూ కలిసి హోటలాయన్ను తిట్టుకుంటారు.