పరశు ప్రక్షేప పద్యానికి నింపురా వ్యాఖ్య

అవతారిక: ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మా పెదనాన్నగారు టొరంటోలో కొడుకింటికి వెళ్ళి, కోడలితో, మనవలతో సహా గొడ్డలి విసరడం నేర్పే చోటికి బయల్దేరారు. 2006లో మాట్ విల్సన్ అనే ఆయన ఆ నగరంలోనే ఒక పెరట్లో స్నేహితులతో మొదలుపెట్టిన సరదా, లీగుగా మారి దేశాలు దాటింది. కోచ్ ఉపదేశాన్ని పెదనాన్నగారు ఆటవెలదిలో బిగించి ఖరగ్‌పూర్ నింపురాలో ఉన్న మాకు పంపారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఆమోదించింది కనుక, వ్యాఖ్య రాసే అధికారం మాకు సంక్రమించిందని భావిస్తున్నాం.

మూలం:

గీత వెనుక నిలిచి చేత గొడ్డలిఁ బట్టి
తలకుఁ బైకి నెత్తి మలపకుండ
కన్ను గురిని నిలిపి తిన్నగా విడువుము
గుచ్చుకొన్న వేళ మెచ్చుకొనుము

ప్రతిపదార్థం: గీత వెనుక = గురికి 12 అడుగుల దూరాన గీసిన గీతకు ఇవతల; నిలిచి = ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి (వేళ్ళు కప్పే బూట్లు తప్పనిసరి, చెప్పులు నిషిద్ధం); చేతన్ = రెండు చేతులతో (ఏకవచనం ఛందస్సు కోసం); గొడ్డలిన్ = చేతికిమిడే చిన్న గొడ్డలిని; పట్టి = పిడి చివర పట్టుకొని; తలకున్ పైకిన్ ఎత్తి = వెనక మనవలు లేరని చూసుకొని నెత్తి మీదికి ఎత్తి; మలపకుండ = విదిలించకుండా (‘మణికట్టును’ అని అధ్యాహారం); కన్ను = చూపును; గురిని = నేలకు 5 అడుగుల ఎత్తున, చెక్క మీదున్న నడిమి చుక్కపై; నిలిపి = కదలనివ్వక; తిన్నగా = చేతులు కంటి ఎదుటికి చాచి; విడువుము = వదులుము; గుచ్చుకొన్న వేళ = అంచు చెక్కలో దిగినప్పుడు; మెచ్చుకొనుము = శ్లాఘింపుము.

తాత్పర్యం: చెప్పినచోట నిలబడి చెప్పినట్టు వదిలితే దిగుతుంది. లేకపోతే ఠంగుమని మోగి కింద పడుతుంది.

విశేషాలు:

1. పూర్వపక్షం: 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుమోసిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం మా ఖరగ్‌పూర్‌ది. ఆ ఊరివాడికి 12 అడుగులూ ఒక దూరమేనా? సిద్ధాంతం: అవును. గొడ్డలి బాణంలా పోదు, దొర్లుతూ పోతుంది. ఇంచుమించు ఆ దూరంలోనే ఒక చుట్టు పూర్తయి అంచు చెక్కకు ఎదురవుతుంది. చుట్టు ఎక్కువైనా తక్కువైనా తగిలేది పిడో, వీపో.

2. పెదనాన్నగారు భుజబలాన్ని నమ్ముకుని విసిరిన గొడ్డలి తిరగవలసినదానికన్నా ఎక్కువ తిరిగి నేలకూలింది. నెమ్మదిగా వదిలిన కోడలి గొడ్డలి దిగబడింది. “ఇంకా గట్టిగా విసరనా?” అని ఆయనడిగితే కోచ్ “అరడుగు ముందుకు రండి” అన్నాడు. చుట్టు ఎక్కువైతే ముందుకు జరగాలి, చాలకపోతే వెనక్కి. గీతకు కాస్త వెనకగా మొదలుపెట్టినవాడికే ముందుకు జరిగే చోటుంటుంది. ఫిట్టరుకు ఈ లెక్క వెంటనే బోధపడింది. బిగుతైన చోట సమ్మెట తీసేవాణ్ణి షాపులో ఎవరూ మేస్త్రీ అనరు. కొలత చూసి ఆకురాయి తీసేవాణ్ణే అంటారు.

3. ‘మెచ్చుకొనుము’ ఎవరిని? తననే అని మనవల పాఠం. కోచ్‌ను అని కొడుకు పాఠం. కోడలిని అని పెద్దమ్మగారి పాఠం. చివరిదే సాధువు, ముందుగా దిగింది ఆవిడదే కనుక.

4. పద్యంలో లేని ధర్మం ఒకటుంది: పక్క లైన్లో ఆడేవాడూ విసిరాకనే ఇద్దరూ కలిసి గొడ్డళ్ళు తెచ్చుకోవాలి. టోకెన్ చేతికి రానిదే సింగిల్ లైన్లోకి బండి పోనివ్వని రైల్వేవాళ్ళకు దీన్ని విడిగా చెప్పనక్కర్లేదని కవి వదిలేశాడు.

5. నాలుగు పాదాల్లోనూ ప్రాసయతే. కోచ్‌కు ఆ సంగతి తెలియదు.

ఫలశ్రుతి: బృందంగా వెళ్ళే పాఠకులు కండలున్నవారిని చివర్లో విసరమనండి. దిగకపోతే చేతిని కాదు, నిలబడ్డ చోటును మార్చండి. ఈ ఆటలో కోచ్‌కు ఇచ్చే డబ్బంతా ఆ అరడుగుకే, అది దండగ కాదు.