కర్నూలు మీదుగా మద్రాసుకు ఒక గీత

నేను గోడ పటాన్ని. గుడ్డ మీద అంటించిన దళసరి కాగితం, పైనా కిందా నల్ల వార్నిషు పూసిన కర్రలు, వేలాడదీయడానికి ఒక తాడు. నా మీద ఊళ్ళ పేర్లన్నీ ఉర్దూలో ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ ఇలాకా గులాబీ రంగు, సంస్థానాలు పసుపు. దక్కను నడుమ పరుచుకున్న పసుపు హైదరాబాదు.

ఉర్దూలో ఎందుకంటే నేను ఉస్మానియా సొత్తును. పైచదువులన్నీ ఉర్దూలోనే చెప్పాలని 1917లో నిజాం ఫర్మానా ఇచ్చాడు. పరాయి పుస్తకాలను ఉర్దూలోకి దించే దారుల్ తర్జుమా ముందు పుట్టింది, తరగతులు ఆ తర్వాత. నేను మొదట గన్‌ఫౌండ్రీ వైపు ఒక అద్దె బంగళాలో వేలాడాను. 1939 డిసెంబరు 4న అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీ తెరిచాక ఎడ్లబండి ఎక్కి అక్కడికి చేరాను. ఆ కట్టడాన్ని చూసినవాళ్ళంతా నోరు తెరుస్తారు. నాకు మాత్రం ఆ రాతిగోడలతో ఒకటే పేచీ, మేకు దిగదు. చివరికి ఒక కర్ర స్టాండుకు తగిలించారు.

నా ఒంటి మీద ఒక పెన్సిలు గీత ఉంది. హైదరాబాదు దగ్గర మొదలై కర్నూలు, కడపల మీదుగా మద్రాసు రేవు దాకా పోతుంది. నిజానికి అవి పక్కపక్కన రెండు గీతలు, మధ్యలో సన్నని పట్టీ. ఆర్ట్స్ కాలేజీకి వచ్చిన కొత్తల్లో, లెక్చరరు ఇంకా గదిలోకి రాకముందు, ఒక కుర్రవాడు ఒక చేత్తో చిన్న పుస్తకం, ఇంకో చేత్తో స్కేలు పట్టుకుని గీశాడు. గీత అతనిది, ఊహ మాత్రం డాక్టర్ సయ్యద్ అబ్దుల్ లతీఫ్‌ది.

లతీఫ్ ఉస్మానియాలో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసినవాడు. దేశంలో ముస్లింలు ఎక్కడికక్కడ చెదిరి ఉన్నారు, సంఖ్యలో తక్కువ, రేపు ఓట్ల రాజ్యం వస్తే వాళ్ళ గతేమిటి అన్నది ఆయన బెంగ. 1939 నాటి పుస్తకంలో ఆయన చెప్పిన ఉపాయం, దేశాన్ని సాంస్కృతిక మండలాలుగా పంచడం. హిందువులకు పదకొండు, ముస్లింలకు నాలుగు, అన్నిటినీ కలిపి ఒకే ఫెడరేషన్. ముస్లిం మండలాలు వాయవ్యంలో ఒకటి, తూర్పు బెంగాల్, అస్సాం వైపు ఒకటి, ఢిల్లీ లక్నోల నడుమ ఒకటి. నాలుగోది దక్కను. హైదరాబాదు, బేరారు, వాటికి తోడు సముద్రం అందడానికి కర్నూలు కడపల మీదుగా ఆ పట్టీ. వింధ్యకు దిగువనున్న ముస్లింలంతా మెల్లగా ఇక్కడికి చేరుకోవాలి, ఇక్కడి హిందువులు వేరే మండలాలకు తరలాలి. ఆ దారికి పాత చరిత్ర ఉంది. కడప సీమ 1800లో నిజాం కుంఫిణీకి ధారపోసిన దత్తమండలంలోది. కర్నూలులో 1839 దాకా నవాబులే ఉన్నారు. పోయింది తిరిగి అడుగుతున్నట్టు కనిపిస్తుంది.

గీత పూర్తయ్యేసరికి వెనక బెంచీ నుంచి వరంగల్ పిల్లవాడొకడు లేచి వచ్చాడు.

"మా ఊరు నీ మండలంలనే ఉన్నది. మేమెటు పోవాలె?"

"ఇష్టమున్నవాళ్ళే పోతారు."

"ఇష్టమున్నదా అని మా నాయన్ను ఎవరన్న అడిగిండ్రా?"

స్కేలు పట్టుకున్నవాడు జవాబివ్వలేదు. అప్పటికి గొడవలకు క్యాంపస్ కొత్త కాదు. 1938 చివర్లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు వందల మందిని వెళ్ళగొట్టారు. వాళ్ళలో పి.వి. నరసింహారావు లాంటివాళ్ళు నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. వరంగల్ పిల్లవాడి ప్రశ్నకు లెక్కల్లో బలముంది. 1941 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు రాజ్యంలో ముస్లింలు నూటికి పదముగ్గురు. ఆ పదముగ్గురి భయం అబద్ధమని నేననను. కానీ ఆ భయానికి మందుగా మిగిలిన ఎనభై ఏడుగురిని మూటాముల్లె సర్దుకోమనడం పటం మీద మాత్రమే సాధ్యం. పటం మీద జనం ఉండరు. ఈ మాట నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

లతీఫ్‌కు న్యాయం చేయాలంటే ఇంకొక మాట చెప్పాలి. ఆయన కోరింది వేరే దేశం కాదు. 1940లో లాహోర్ తీర్మానం వచ్చాక జిన్నాకూ ఆయనకూ పొసగలేదు. ఒకపక్క జిన్నాతో, ఇంకోపక్క ఆజాద్, నెహ్రూ, రాజేంద్రప్రసాద్‌లతో ఉత్తరాలు నడిపాడు. అవి 1943లో పుస్తకంగా వచ్చాయి. ఎవరూ ఆయన దారికి రాలేదు. తర్వాతి కాలంలో ఆజాద్ రాసిన ఖురాన్ వ్యాఖ్యను ఇంగ్లీషులోకి తెస్తూ హైదరాబాదులోనే ఉండిపోయాడు. మద్రాసు కోసం ఆపైన పదేళ్ళకు ఆంధ్రులూ పట్టుబట్టారు, వాళ్ళకూ దక్కలేదు. 1953లో వాళ్ళ రాజధాని కర్నూలయింది. నా మీది గీత దాన్ని తాకుతూనే పోతుంది.

ఇంగ్లీషువాళ్ళు పోయాక హైదరాబాదు ఎటన్న దాని మీద అసలు చర్చలే జరగలేదా అంటే, జరిగాయి. 1947లో నిజాం తరఫున ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్ ఢిల్లీకీ హైదరాబాదుకూ తిరిగారు. అక్టోబరు 27 తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ జనం వాళ్ళ ఇళ్ళను చుట్టుముట్టి ప్రయాణం ఆపేసింది. పాత బృందం పోయి కొత్తది వచ్చింది, నవంబరు 29న ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్ళిపోయే ముందు ఇంకొక ముసాయిదా సిద్ధమైంది. హైదరాబాదుకు చాలా వెసులుబాటు ఇచ్చిన కాగితమది. నిజాం కాదన్నాడు. ఇత్తెహాదు సాయుధ దళమైన రజాకార్లను వ్యతిరేకించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టులో నరికి చంపారు. సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న అంతా ముగిసింది. ముగిసిందని పాఠంలో చెబుతారు. ఆ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఘోరాన్ని చూసొచ్చిన సుందర్‌లాల్ కమిటీ, చచ్చినవాళ్ళు తక్కువలో తక్కువ ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారంది. ఆ నివేదికను చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. బల్లకు ఒకవైపు రాజు మనుషులు, రెండోవైపు ఢిల్లీ మనుషులు. రైతు ఏ వైపూ లేడు, ఊళ్ళో దర్జీ పని చేసుకునే ముస్లిమూ లేడు. బేరం చెడ్డాక దెబ్బలు పడ్డది మాత్రం వాళ్ళిద్దరికే.

ఆ తర్వాత ఉస్మానియాలో చదువు ఇంగ్లీషులోకి మారింది. 1956లో రాజ్యాన్ని మూడు ముక్కలు చేసి పక్క రాష్ట్రాల్లో కలిపారు. అప్పటికే నేను స్టోరుగదిలో విరిగిన కుర్చీల వెనక ఉన్నాను. చాలా ఏళ్ళకు పాత సామాను వేలంలో ఒక చరిత్ర లెక్చరరు నన్ను కొని తార్నాకలో తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడాయన రిటైరయ్యాడు. లాలాగూడ వైపు సందులో, ముందుగదిలో ఉంటాను. మెట్రో వచ్చాక మెయిన్ రోడ్డు మోత కొంచెం పెరిగింది, అంతే తేడా.

ఈమధ్య ఆయన దగ్గరికి నల్లగొండ నుంచి వచ్చిన ఒక రీసెర్చి పిల్ల వస్తోంది. ఆమె విషయం ఫిలిప్పీన్స్‌లోని మిండనావో. ఒకనాడు నా గీతను వేలితో తడిమింది.

"సార్, ఇది ఎవరు గీసిండ్రు?"

"తెల్వదు బిడ్డా. నా చేతికొచ్చేటాళ్ళకే ఉన్నది."

గీత కథ విని, తన సంచిలోంచి ప్రింటు తీయించిన పటం ఒకటి పరిచింది. చూసి నాకు నవ్వొచ్చింది. అదేం పటం! ఇక్కడొక రంగు మరక, అక్కడొక చుక్క, మధ్యలో సముద్రం. ఆమె చెబుతుంటే కారణం తెలిసింది. మిండనావోలో ముస్లింలు ఒకప్పుడు ఎక్కువమందే. ఉత్తరం నుంచి వలసలు వచ్చి పడ్డాక సొంత నేల మీదే తక్కువయ్యారు. 1970ల నుంచి యుద్ధం. లక్షా ఇరవై వేల మంది పోయారని అంచనా. 1976లో లిబియాలోని ట్రిపోలీలో కుదిరిన ఒప్పందం పదమూడు ప్రావిన్సులకు స్వయంపాలన అంది. అది కాగితం మీదే మిగిలింది. 1996లో ఇంకొకటి. 2008లో సిద్ధమైన ఒప్పందాన్ని వాళ్ళ సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి మలేషియా మధ్యవర్తిగా, 2014 మార్చి 27న ప్రభుత్వం, అక్కడి ముస్లింల తరఫున పోరాడిన మోరో ఇస్లామిక్ విమోచన ఫ్రంట్ సంతకాలు చేశాయి. ప్రభుత్వం తరఫున బల్లకు ఎదురుగా కూర్చున్నది మిరియం కొరొనెల్ ఫెరర్ అనే ప్రొఫెసరమ్మ.

"సంతకాలతోటి అయిపోలే సార్. 2019లో ఊరూరికీ వెళ్ళి కొత్త స్వయంపాలిత ప్రాంతంల కలుస్తరా అని ఓటడిగిన్రు. ఉత్తర కొటబాటో ప్రావిన్సు మొత్తం కలవలే. గని దాంట్లో అరవై మూడు ఊళ్ళు మేం కలుస్తమన్నయి. అవే ఈ చుక్కలు. లనావో దెల్ నోర్తెలో ఆరు మున్సిపాలిటీలు సరేనన్నయి, వాటి ప్రావిన్సు వద్దన్నది, అవి బయటనే ఉండిపోయినయి."

"పటం గీసేటోనికి తలనొప్పే."

"గీసేటోనికి తలనొప్పి ఉంటేనే మంచిది సార్."

ఆ మాట నాకు నచ్చింది. నా పట్టీ స్కేలు పెట్టి గీసింది కాబట్టే అంత తిన్నగా వచ్చింది.

సారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "అడిగిండ్రు సరే, వద్దన్నోళ్ళ సంగతేంది?" అన్నాడు. ఆమె సులు ప్రావిన్సు మీద వేలు పెట్టింది. అక్కడ ఎక్కువమంది వద్దనే ఓటేశారు. అయినా పాత స్వయంపాలిత ప్రాంతమంతటినీ ఒకే లెక్కగా చూసి వాళ్ళనూ కలిపేశారు. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సులును విడదీసింది. ఇక 2022లో జరగాల్సిన ఆ ప్రాంతపు మొదటి పార్లమెంటు ఎన్నికలు 2025కి వాయిదా పడ్డాయి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి పోయాయి.

"ఐదేండ్లు పట్టింది విప్పేటందుకు," అన్నాడు సారు. "మరి నీ పటంల సులు ఇంకా ఆకుపచ్చగనే ఉన్నదేంది?"

ఆమె చూసుకుంది. అది 2019 నాటి పటం. రేపు తార్నాక చౌరస్తాలో కొత్తది ప్రింటు తీయించుకొస్తానని మడతపెట్టింది.