టికెట్టు మాది, మౌనం మీది

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసి, అబార్షన్ సంగతి రాష్ట్రాల చేతికి వదిలేసింది. పొద్దుగూకేలోపే కంపెనీలకు పూనకం! మీ రాష్ట్రంలో కుదరకపోతే పక్క రాష్ట్రానికి వెళ్లిరండి, దారిఖర్చు 4,000 డాలర్ల దాకా మాదేనంది ఆటసామాను అమ్మే డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్. అమెజాన్ మే నెలలోనే అదే లెక్క చెప్పింది. సంతోషం. ప్యాకెట్లు మోసే కాంట్రాక్టు డ్రైవర్లు మాత్రం ఆ లెక్కలో లేరు.

ఫేస్‌బుక్ సొంతదారు మెటా వారిది ఇంకో రాగం. ఖర్చులిస్తామన్నారట, ఆఫీసు చర్చావేదికలో అబార్షన్ మాట మాత్రం ఎత్తకూడదన్నారట. లోకమంతా నోటికొచ్చింది రాసుకోవడానికి గోడలిచ్చిన సంస్థ మరి! స్టార్‌బక్స్ ఏమో, యూనియన్ పెట్టుకున్న కొట్లలో ఈ సాయం అందుతుందని మాటివ్వలేమంది. కాఫీ కలిపే పిల్ల ముందు ఏ హక్కు కావాలో తేల్చుకోవాలన్నమాట.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకే కొన్ని పెద్ద కంపెనీల పద్దుపుస్తకంలో ఒక పేజీలో ఉద్యోగినికి విమానం టికెట్టు, వెనక పేజీలో అబార్షన్‌ను అడ్డుకునే చట్టం తెచ్చిన నేతకు ఎన్నికల చందా.