సమితికి సంతాపం, నాలుగు దశాబ్దాల ఆలస్యంగా

గాంధీగారు అక్టోబరు 2న పుట్టడం వల్ల దేశానికి జరిగిన మేలు అందరికీ తెలుసు. ప్రభుత్వాలకు జరిగిన మేలు గురించే ఎవరూ రాయరు. ఏ పథకానికైనా ముహూర్తం వెతుక్కునే శ్రమ తప్పింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం పుట్టింది. మరుసటేడు అదే రోజున జాతీయ విస్తరణ సేవ. 1959లో మళ్లీ అదే రోజున రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూగారు పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. మన ఆంధ్రప్రదేశ్ కాస్త వెనకబడి గాంధీ జయంతిని అందుకోలేకపోయింది. అయినా ముహూర్తాలకు కొదవా? నవంబరు 1, రాష్ట్రావతరణ దినం ఉండనే ఉంది. ఆ రోజున ఇక్కడ పంచాయతీ సమితులు పుట్టాయి.

పుట్టుకకు కారణం ఒక అనుమానం. సమాజ వికాసం మొదలై అయిదేళ్లయినా వికాసమంతా సర్కారే చేస్తోందనీ, సమాజం అరుగు మీద కూర్చుని చూస్తోందనీ ఢిల్లీకి తోచింది. తోచగానే చేసే పని ఢిల్లీకి ఒక్కటే తెలుసు. బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన కమిటీ వేశారు. 1957 నవంబరులో నివేదిక వచ్చింది. ఊరికి పంచాయతీ, బ్లాకుకు సమితి, జిల్లాకు పరిషత్తు ఉండాలనీ, అసలు పనంతా నడిమి అంతస్తు సమితే చూసుకోవాలనీ ఆయన చెప్పారు. మన దేశంలో ఒక కమిటీ చెప్పిన మాటను రెండేళ్లలో అమలు చేయడం అదొక వింత. ఆ వింత మళ్లీ జరగకుండా తరవాతి ప్రభుత్వాలు జాగ్రత్తపడ్డాయి.

బ్లాకులోని సర్పంచులంతా సమితిలో సభ్యులు. వాళ్లు ఎన్నుకున్న పెద్దమనిషి సమితి ప్రెసిడెంటు. ఆయన కింద బ్లాకు అభివృద్ధి అధికారి, అంటే బీడీఓ. ఇది ప్రెసిడెంటుగారి లెక్క. బీడీఓగారి లెక్కలో ఆయన కింద కాదు, పక్కన. వ్యవసాయానికి, పశువులకు, సహకార సంఘాలకు, పరిశ్రమలకు తలా ఒక విస్తరణాధికారి. వీళ్లందరి బరువూ మోయడానికి గ్రామసేవకుడు. ఆయనకో సైకిలు, దాని మీద తిరగడానికి కొన్ని ఊళ్లు. ఎరువుల గుంతలు తవ్వించాలి, మేలురకం విత్తనాలు పంచాలి, కుటుంబ నియంత్రణ కేసులు పట్టుకురావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా జపాను పద్ధతిలో వరి నాట్లు వేయించాలి. తాతల నాటి నుంచి నాట్లేస్తున్న రైతు దగ్గరకు మీసాలు సరిగా రాని కుర్రాడు తాడు పట్టుకొచ్చి ‘వరసలో నాటు బాబాయ్’ అంటే ఏమవుతుంది? రైతు మర్యాదస్తుడు కాబట్టి రోడ్డు పక్క రెండు మళ్లలో తాడు లాగి వరసగా నాటించేవాడు. బీడీఓగారు జీపు ఆపి చూసి సంతోషించేవారు. గట్టు దిగని అధికారికి లోపలి మళ్లు కనబడవు గదా!

ఆ జీపు గురించి విడిగా ఒక గ్రంథమే రాయొచ్చు. బ్లాకుకొక జీపు. ముందు సీటు ఒక్కటే. ప్రెసిడెంటు ఎక్కాలా, బీడీఓ ఎక్కాలా? రాజ్యాంగ నిపుణులు కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద తలలు బద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో, ప్రతి బ్లాకాఫీసు ముందూ ఇంతకన్నా జటిలమైన సమస్య ఆగి, పొగ వదులుతూ ఉండేది. ఎవరెక్కి ఏ పెళ్లికి వెళ్లినా లాగ్‌బుక్కులో మాత్రం ‘తనిఖీ’ అనే ఉండేది.

అయితే ప్రెసిడెంటుగారి అసలు సింహాసనం జీపు కాదు, ప్రైమరీ బడి. ఎలిమెంటరీ స్కూళ్లు సమితి చేతికి వచ్చాయి. బళ్లతోపాటు టీచర్లూ వచ్చారు. టీచర్లతోపాటు బదిలీలూ వచ్చాయి. ఇంకేం కావాలి? వేసవి సెలవుల్లో ప్రెసిడెంటుగారి ఇంటి వసారా చూడాలి. చంకలో అర్జీ, పక్కన తన ఊరి సర్పంచి, ముఖాన చిరునవ్వు పులుముకుని పంతులుగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉండేవారు. ఎన్నికల్లో అవతలి వర్గానికి పనిచేశారని అనుమానం వచ్చిన పంతులు జూన్ నాటికి బస్సు వెళ్లని ఊళ్లో తేలేవాడు. పిల్లలకు ఒకటో ఎక్కం నేర్పుతూ తాను వర్గ రాజకీయాల్లో పట్టా పుచ్చుకునేవాడు. ప్రజాస్వామ్య వికేంద్రీకరణ అని మెహతాగారు దేన్ని ఉద్దేశించారో గానీ, పల్లెలో అందరికీ అర్థమైన భాగం ఇదొక్కటే.

ప్రెసిడెంటు ఎన్నికలో ఓటర్లు సర్పంచులు. వేళ్ల మీద లెక్కపెట్టగల ఓటర్లు. అంత కొద్దిమందిని కంటికి రెప్పలా కాపాడుకోవాలంటే వాళ్లను ఓ చోట కూర్చోబెట్టి భోజనం పెట్టడం కన్నా దారేముంది? మన క్యాంపు రాజకీయాలను ఎమ్మెల్యేలు కనిపెట్టారనుకునేవాళ్లు చరిత్ర చదవనట్టే.

పైన జిల్లా పరిషత్తులో ఇంకో చమత్కారం ఉంది. చైర్మను ప్రజాప్రతినిధే. కానీ పనంతా జరిగే స్థాయీ సంఘాలకు అధ్యక్షుడు కలెక్టరు. అధికారం ప్రజలకిచ్చి, దాన్ని భద్రపరచుకోవడానికి ఒక ఐఏఎస్‌ను కూడా ఇచ్చారన్నమాట. ఇన్ని పరిమితుల్లోనూ అక్కడ రాటుదేలినవాళ్లు దూరం వెళ్లారు. ఖమ్మం జిల్లా పరిషత్తు చైర్మనుగా చేసిన జలగం వెంగళరావు, కర్నూలులో చేసిన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రులయ్యారు. ముఖ్యమంత్రి కాగానే ఏ నాయకుడికైనా కింది అంతస్తులో ఇంకో నాయకుడు పుట్టడం ఇష్టముండదు. అది మానవ సహజం.

అందుకే ఎన్నికలు అయిదేళ్లకోసారి అని చట్టం చెబుతుంటే, 1970లో జరిగినవి మళ్లీ 1981కి గానీ జరగలేదు. మధ్యలో ప్రత్యేకాధికారులు చక్కగా ఏలారు. క్యాంపులు లేవు, తగాదాలు లేవు. జీపు ముందు సీటు సమస్య కూడా తీరిపోయింది.

1983లో ఎన్టీఆర్ వచ్చారు. ఆయన పాలనలో రద్దుల జాబితా చూస్తే ఒక ఊపు కనబడుతుంది: 1984లో కరణాలు, మునసబులు, 1985లో శాసనమండలి, అదే ఏడు తాలూకాలు, 1986 చట్టంతో సమితులు. సమితి మరీ పెద్దది, జనానికి దూరం, మండలమైతే దగ్గరన్నారు. నిజమే. పని మీద ఆఫీసుకు వెళ్లే రైతుకు రెండు బస్సుల ప్రయాణం తగ్గడం చిన్న విషయం కాదు. ఇంకో నిజం కూడా ఉంది. 1981లో సమితులు ఎన్నికైనప్పుడు తెలుగుదేశం పార్టీ పుట్టనే లేదు. తనకు పుట్టని బిడ్డల మీద ఏ పార్టీకైనా ప్రేమ ఎక్కడిది? మూడు వందల పైచిలుకు సమితులు పోయి 1100 పైచిలుకు మండలాలొచ్చాయి. కుర్చీలు మూడింతలయ్యాయి. 1987లో జనం నేరుగా ఓటేసి మండలాధ్యక్షులను ఎన్నుకున్నారు. తరవాత 1994 చట్టం ఆ ఓటును ఎంపీటీసీల చేతిలో పెట్టేసరికి క్యాంపులు మళ్లీ కళకళలాడాయి. ఇప్పుడవి రిసార్టులయ్యాయి.

రద్దయిన శాసనమండలి 2007లో లేచి కూర్చుంది. టికెట్టు రాని పెద్దలకు అది అవసరం. సమితిని లేపమని ఒక్కరూ అడగలేదు. పాతకాలం వాళ్లు మాత్రం ఎంపీడీఓ ఆఫీసును ఇప్పటికీ సమితాఫీసనే అంటారు. ఆ తరం దాటితే ఆ మాటా ఉండదు.

నేనూ లేపమని అడగను. వసారాల్లో పంతుళ్ల పడిగాపులు మళ్లీ చూడాలని లేదు. కాకపోతే ఒక లెక్క తేలాలి. 1993లో అమల్లోకొచ్చిన రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇవ్వదగ్గ పనులని 29 అంశాల పట్టిక రాసింది. అందులో ప్రాథమిక విద్య ఉంది. మీ ఊరి బడి బోర్డు మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అనే ఉంది. ఆ బడికి టీచరును వేసేది, తీసేది, జీతమిచ్చేది, రంగులు నిర్ణయించేది రాజధాని. మండల పరిషత్తు వాటా బోర్డు మీద పేరు. ఈసారి ఎంపీటీసీ అభ్యర్థి ఓటు కోసం గుమ్మంలోకి వస్తే ఆయన్ను ఆ బోర్డు దగ్గరకు తీసుకెళ్లి, గెలిస్తే ఈ బడికి తమరు చేయగలిగిన పని ఏమిటో చెప్పమని అడగండి.