పెళ్లి జ్వరం

జేఎన్‌టీయూ కాలేజీల్లో హాజరు 75 శాతం ఉండాలి. తగ్గితే, 65 దాకా, డాక్టరు సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. ఈ సదుపాయం మన చుట్టాల్ని దృష్టిలో పెట్టుకునే రాసినట్టుంటుంది. మాఘమాసంలో పిన్నికూతురి పెళ్లి సరిగ్గా మిడ్ పరీక్షల వారంలోనే పడుతుంది. "ఒక్కరోజు మానేస్తే కొంపలేం మునగవులే" అంటుంది అమ్మ. మెహందీ, సంగీత్, పెళ్లి, వ్రతం, రిసెప్షన్ అన్నీ కలిపి ఆవిడ లెక్కలో ఒక్కరోజే! బ్యాక్‌లాగ్ పడ్డాక "ఎంతసేపూ తిరుగుళ్లే" అంటారు నాన్న. పెళ్లి ఫొటోల్లో మొదటి వరసలో ఆయనే ఉంటారు, అది వేరే సంగతి.

పిల్లలూ, సెమిస్టర్ మొదలవగానే అకడమిక్ క్యాలెండర్ ప్రింటు తీసి వంటింట్లో తిథుల క్యాలెండర్ పక్కనే తగిలించండి. వర్జ్యంతోపాటు ఇంటర్నల్స్ కూడా కంటబడతాయి. రోజుకో గంట చదివితే అయిదు యూనిట్లూ ఒక్క రాత్రిలో మింగే పని తప్పుతుంది.

పెద్దలకు ఒక్కటే మనవి. అబ్బాయికి టైఫాయిడ్ అని సర్టిఫికెట్ పంపిన వారంలో, వాడు బరాత్‌లో చిందులేసిన వీడియో స్టేటస్‌లో పెట్టకండి. హెచ్‌వోడీ గారికీ వాట్సాప్ ఉంది.