బటన్ పెట్టాం, చట్టం పాటించాం

ఐరోపాలో చట్టాలు చెప్పాపెట్టకుండా రావు. యూరోపియన్ యాక్సెసిబిలిటీ యాక్ట్ అయితే ఏకంగా ఆరేళ్ల ముందే కబురు పెట్టి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో ఆమోదించారు. సభ్యదేశాలు దాన్ని సొంత చట్టంగా మార్చుకోవడానికి 2022 జూన్ 28 దాకా గడువిచ్చారు. అమలు మాత్రం 2025 జూన్ 28 నుంచి అన్నారు. అంటే జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఆన్‌లైన్‌లో సోఫాలో సబ్బులో అమ్ముకునే వ్యాపారికి ఆరు వేసవులు చేతికిచ్చారన్నమాట. కళ్లు కనిపించనివాళ్లు, చెవులు వినపడనివాళ్లు, చేతులు వణికేవాళ్లు కూడా నీ షాపులో కొనుక్కోగలిగేలా ఈలోగా సర్దుకో అని. ఆ వ్యాపారి ఆరు వేసవుల్లోనూ సముద్రతీరానికి సెలవులకు వెళ్లొచ్చాడు. ఏడో వేసవి మొదట్లో ఉలిక్కిపడి లేచి, వెబ్‌సైట్ చూసే కుర్రాణ్ని పిలిచి, "ఇదేదో చట్టమట, శుక్రవారంలోగా అయిపోవాలి" అన్నాడు.

కుర్రాడు శుక్రవారం దాకా ఆగలేదు. గంటలో ముగించాడు. షాపు పేజీకి కింది మూలన గుండ్రటి నీలం బటన్ ఒకటి వెలిసింది. అందులో చేతులు చాచిన మనిషి బొమ్మ. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు తారుమారవుతాయి, బొమ్మలు కదలడం ఆపేస్తాయి. ఖర్చు నెలకింతని చందా, కోడ్ ఒక్క లైను. "ఇక మీ సైటు చట్టప్రకారం భేషుగ్గా ఉన్నట్టే" అని అమ్మినవాళ్లు సర్టిఫికెట్ కూడా పంపారు. యజమాని దాన్ని ప్రింటు తీయించుకున్నాడు.

అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ప్రతి ఫోనులోనూ ప్రతి బ్రౌజర్లోనూ ఏనాటి నుంచో ఉంది. చూపు మందగించినవాళ్లు తమకు కావలసినట్టు దాన్ని మార్చుకునే షాపుకొస్తారు. ఈ బటన్ చేసేదల్లా కళ్లజోడు పెట్టుకొచ్చిన మనిషికి గుమ్మంలో ఇంకో కళ్లజోడు అద్దెకివ్వడమే. స్క్రీన్ రీడర్‌తో పేజీ వినేవాళ్లకైతే దానివల్ల దాటాల్సిన బటన్ మరొకటి పెరిగింది, అంతే.

ఈ బటన్ల వ్యాపారంలో యాక్సెసీబీ పెద్ద పేరు. ఏ సైటునైనా కృత్రిమ మేధతో ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తామన్న ఆ కంపెనీ ప్రచారం జనాన్ని తప్పుదారి పట్టించేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 10 లక్షల డాలర్లు కట్టాలంది. అది 2025 జనవరి మాట. ఏప్రిల్‌లో ఉత్తర్వు ఖరారైంది. ఐరోపా వికలాంగుల సంఘాల సమాఖ్య యూరోపియన్ డిజెబిలిటీ ఫోరం అంతకు ముందే, 2023లోనే, ఇలాంటి పైపూతలతో సైటు అందుబాటులోకి రాదని ప్రకటన ఇచ్చింది. అంటే ఐరోపా షాపులవాళ్లు నీలం బటన్ కోసం క్యూ కట్టేనాటికి దాని కథ అట్లాంటిక్‌కు రెండు వైపులా తెలిసిందే. అయినా క్యూ తగ్గలేదు. పని చేయించడం కన్నా పని చేశామన్న గుర్తు కొనుక్కోవడం ఎప్పుడూ చవకే మరి.

అసలు ఆ పనేమిటో చూడాలంటే మౌస్ పక్కన పెట్టాలి. హాంబర్గ్‌లో చూపులేని ఒకావిడకు వానకు తొడుక్కునే బూట్లు కావాల్సి వచ్చాయనుకుందాం. ఆవిడ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉంది. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు 2006లో మొదలుపెట్టి, ఉచితంగా అందిస్తున్న స్క్రీన్ రీడర్ అది. ట్యాబ్ కీ నొక్కినకొద్దీ ఒక్కో లింకునూ ఒక్కో బటన్‌నూ చదివి వినిపిస్తుంది. షాపు తెరవగానే కుకీల పెట్టె అడ్డమొచ్చింది. చూసేవాళ్లకు అది అన్నిటికన్నా ముందు నిలబడి ఉంటుంది, కోడ్‌లో మాత్రం పేజీ అట్టడుగున పడి ఉంటుంది. దాన్ని చేరాలంటే ఆవిడ మగవాళ్ల బూట్లు, ఆడవాళ్ల బూట్లు, పిల్లల బూట్లు, గుర్రపుస్వారీ బూట్లు, బూట్ల పాలిష్, బూట్ల మీద సంస్థ తత్వచింతన, అన్నీ ట్యాబ్ కొట్టుకుంటూ దాటాలి. దాటింది. తీరా "సరే" అన్నది అసలు బటనే కాదు, బటన్ వేషం వేసుకున్న రంగుగడి. మౌస్ తగిలితే పలుకుతుంది, ఎంటర్ కొడితే ఉలకదు.

ఎలాగో దాన్నీ తప్పించుకుని ముందుకెళ్లింది. బూట్ల వరుస వచ్చింది. స్క్రీన్ రీడర్ శ్రద్ధగా చదువుతోంది: "లింక్, గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ 4827 డాట్ జేపీజీ. లింక్, గ్రాఫిక్, ఐఎంజీ అండర్‌స్కోర్ 4828 డాట్ జేపీజీ." రెండింట్లో ఏది బాగుందో ఆవిడే తేల్చుకోవాలి. 4828 తీసుకుంది. సైజు 38 అయిపోయిందట. ఆ సంగతి చెప్పడానికి షాపు ఎంచుకున్న పద్ధతి ఆ అంకెను బూడిదరంగులోకి మార్చడం. బూడిదరంగు చెవికి వినపడదు. 39 ఎంచి బుట్టలో వేసింది. పై మూలన చిన్న ఎర్రచుక్కలో ఒకటి అంకె వెలిగింది, ఆవిడకు మటుకు ఏ కబురూ లేదు. పడిందో లేదోనని మళ్లీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది. మూడు జతలు పడ్డాయి.

ఇక చిరునామా ఫారం. నింపి పంపితే "ఎర్రగా ఉన్న గడులు సరిచేయండి" అంది పేజీ. ఏవి ఎర్రగా ఉన్నాయో పక్కింటివాళ్లను పిలిచి అడగాలి కాబోలు. ఈలోగా "ఈ ధర మరో 4 నిమిషాలే" అని ఒక గడియారం పరుగు మొదలెట్టింది. అన్నీ నోరు మూసుకున్న ఆ షాపులో నోరున్నది దానికొక్కదానికే. స్క్రీన్ రీడర్ పాపం ఇంకేమీ చదవకుండా 3 నిమిషాల 59 సెకన్లు, 3 నిమిషాల 58 సెకన్లు, 3 నిమిషాల 57 సెకన్లు అని చదువుతూ పోయింది.

ఈ లోపాల్లో ఏదీ అరుదైనది కాదు. యూటా స్టేట్ యూనివర్సిటీలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను తనిఖీ చేస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. 79.1 శాతం పేజీల్లో అక్షరాలు వెనకరంగులో కలిసిపోతున్నాయి. సగానికి మించిన పేజీల్లో బొమ్మలకు వివరణ లేదు. ఇవన్నీ మెషీన్ కంటపడ్డ తప్పులు. మూడు జతల బూట్ల లాంటివి మెషీన్‌కు అందవు, మనిషి కూచుని చూడాల్సిందే.

బాగుచేయడానికి బ్రహ్మవిద్య అక్కర్లేదు, ఓపిక కావాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 301 549 చాలామటుకు 2018 నాటి డబ్ల్యూసీఏజీ 2.1 అనే వెబ్ అందుబాటు ప్రమాణాల మీద నిలబడింది. మామూలు అక్షరాలకూ వెనకరంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. మౌస్‌తో అయ్యే పని కీబోర్డుతోనూ కావాలి. తప్పు ఎక్కడ జరిగిందో రంగుతో ఊరుకోకుండా మాటల్లో చెప్పాలి. బొమ్మకు వివరణ రాయాలన్నదైతే ఆ ప్రమాణాల తొలి కూర్పులోనే ఉంది, అది 1999 మే నెల నాటిది. కాబట్టి వ్యాపారికి ఆరేళ్లే దొరికాయనడం అన్యాయం, పాతికేళ్ల పైచిలుకు దొరికాయి. ఆ పాతికేళ్లలో డిజైనర్లు లేత బూడిద మీద ఇంకాస్త లేత బూడిదతో రాయడం నేర్చుకుని, దానికి ప్రీమియం లుక్ అని పేరు పెట్టారు.

చట్టంలో ఒక కిటికీ కూడా ఉంది. మార్పులు మోయలేని భారమైతే ఆ మేరకు మినహాయింపు అడగొచ్చు. అందుకు లెక్కలు వేసి, కాగితం మీద పెట్టి, ఐదేళ్లు భద్రపరచాలి. చట్టం రాసినవాళ్లకు వ్యాపారుల సంగతి బాగా తెలిసినట్టుంది, ప్రాధాన్యం లేకపోవడం, టైము లేకపోవడం, తెలియకపోవడం సరైన కారణాలు కావని ఉపోద్ఘాతంలోనే రాసిపెట్టారు. మీటింగుల్లో రోజూ వినపడే మూడు సాకులూ ఒక్క వాక్యంలో కొట్టుకుపోయాయి. పదిమంది లోపు సిబ్బందితో, ఏటా 20 లక్షల యూరోలకు మించని టర్నోవరుతో నడిచే చిన్న సేవాసంస్థలను మాత్రం వదిలేశారు. అది సబబే. ఇంట్లో కొవ్వొత్తులు చేసి అమ్ముకునే మనిషి మీద పడాల్సిన అవసరం లేదు. పోతే, తొమ్మిదిమందితో నడిచే షాపులు ఇప్పుడు పదో మనిషిని తీసుకునేముందు వకీలును అడుగుతాయేమో.

శిక్షలు ఏ దేశానివి ఆ దేశానివి. జర్మనీలో జరిమానా లక్ష యూరోల దాకా ఉండొచ్చు, అంటే మన లెక్కలో కోటి రూపాయల మాట. అక్కడి పదహారు రాష్ట్రాలు కలిసి మాగ్డెబర్గ్‌లో ఉమ్మడి తనిఖీ కార్యాలయం పెట్టుకున్నాయి. ఐర్లండ్ ఇంకో అడుగు ముందుకేసి, తీవ్రమైన కేసుల్లో 18 నెలల దాకా జైలు అంది. రంగు కలిసిపోయిన అక్షరాల కేసులో లోపలికొచ్చానని తోటి ఖైదీలకు చెప్పుకోవడం కాస్త ఇబ్బందే. ఫ్రాన్సులో అధికారుల కోసం ఎవరూ కాచుకు కూచోలేదు. అపీడీవీ, ద్రువా ప్లురియెల్ అనే రెండు సంఘాలు గడువు దాటిన కొద్దిరోజులకే, 2025 జులైలో, ఆషాన్, కార్ఫూర్, లెక్లెర్, పికార్ అనే సరుకుల దుకాణాల సంస్థలకు నోటీసులిచ్చాయి. సరుకుల సైట్లను సెప్టెంబరు 1 లోగా సరిచేయమన్నాయి. నవంబరులో కోర్టుకెక్కాయి.

ఈ కథలో మాదాపూర్ లేకపోతే వెలితి. ఐరోపా షాపుల కోడ్ కొంత మన ఐటీ ఆఫీసుల్లోనే తయారవుతుంది. అక్కడ యాక్సెసిబిలిటీ టికెట్‌కు బ్యాక్‌లాగ్‌లో శాశ్వత నివాసం ఉంటుంది. ప్రతి స్ప్రింట్‌లోనూ దాన్ని పలకరిస్తారు, ఎవరూ తీసుకోరు. గడువు ముంచుకొచ్చాక కొత్తగా చేరిన కుర్రాడి మీద పడుతుంది.

"అన్నా, ఈ ఆల్ట్ టెక్స్ట్ గడిలో ఏం రాయాలి?"

"ఇమేజ్ అని కొట్టెయ్ రా. టూల్‌లో గ్రీన్ వచ్చేస్తది."

వచ్చేస్తుంది కూడా. నాలుగు వేల బొమ్మలకు ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్. రిపోర్టులో ఎర్రచుక్క లేదు, క్లయింటు అభినందన మెయిల్ పెట్టాడు. హాంబర్గ్ ఆవిడకు ఇప్పుడు 4827 కూడా లేదు. అంకె ఉన్నప్పుడు కనీసం ఒక బూటుకూ ఇంకో బూటుకూ తేడా తెలిసేది.

ఇది పరాయిదేశపు పంచాయతీ అని చీరల కొట్టువాళ్లు నవ్వుకోనక్కర్లేదు. బెర్లిన్, డబ్లిన్‌లలోని తెలుగువాళ్లకు యూరోల్లో ధర కట్టి చీరలు పంపే షాపు, చిన్నసంస్థ కొలతలు దాటితే, మంగళగిరిలో ఉన్నా ఈ చట్టం కిందికే వస్తుంది. అక్కడ బొమ్మకు చీర అని మాత్రం రాస్తే చాలదు. ముదురాకుపచ్చ నూలు, సాదా బట్ట, వేలెడు జరీ అంచు, కొంగున జరీ గీతలు అని చెప్పాలి. ఇదే ముక్క కొట్లో గుమస్తా అడక్కుండానే, చీర మడత విప్పుతూ, పావు నిమిషంలో చెప్తాడు. సైట్లో రాయమంటే మటుకు కంటెంట్ టీముకు కొటేషన్ పిలుస్తారు.

మనదేశంలోనూ గాలి మారుతోంది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో, ఇలాంటి ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోతే కుదరదని, కనీస నియమాలు తప్పనిసరి కావాలని చెప్పింది. ఆ తీర్పుకు ఆసరా అయిన నివేదికను రాసింది హైదరాబాద్ నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. మరుసటి ఏప్రిల్‌లో, కెమెరా ముందు కళ్లార్పి చూపితేగానీ కేవైసీ పూర్తికాని పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసులో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమంది కోర్టు. రెప్పలే కాలిపోయిన మనిషిని రెప్పలార్పమని అడిగే ఫారాన్ని ఎవరో కూచుని డిజైన్ చేశారు, ఇంకెవరో టెస్ట్ చేసి బాగుందన్నారు.

మళ్లీ ఐరోపాకు వస్తే, చట్టం ఇంకో పని చెప్పింది. షాపు తన సేవలు వికలాంగులకు ఎలా అందుతున్నాయో నియమనిబంధనల్లో వివరించాలి. అదీ రాతలోనూ మాటలోనూ, వాళ్లకు అందే రూపంలో. అందుకని సైట్ల అడుగున, ఆ లేత బూడిద అక్షరాల్లోనే, యాక్సెసిబిలిటీ స్టేట్‌మెంట్ అని కొత్త లింకొచ్చింది. అందరూ మాకు సమానమే, అందుబాటు మా రక్తంలోనే ఉంది అని రెండు పేరాలు. సంతకం పెట్టి స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి ఖాళీ డాక్యుమెంట్ అంటుంది. మీకేమైనా ఇబ్బంది కలిగితే ఈ ఫారం నింపి తెలియజేయండి, వెంటనే స్పందిస్తాం అని కింద ఇంకో లింకు. ఆ ఫారం చివర తొమ్మిది ఫొటోలుంటాయి. వాటిలో ట్రాఫిక్ లైట్లున్నవన్నీ ఎంచితేగానీ ఫిర్యాదు వెళ్లదు.